సీలు మార్చాక హౌసింగ్ ఎందుకు కూస్తుంది?

"మా పాత జిప్సీకి వెనక హౌసింగ్ ముక్కు దగ్గర ఆయిల్ కారుతుంటే పినియన్ సీలు మార్పించాం. కారడం ఆగింది గానీ, నెల తిరక్కుండానే అరవై స్పీడులో సన్నగా కూత మొదలైంది. సీలుకీ ఈ శబ్దానికీ ఏమిటి సంబంధం?" అని ఒక పాఠకుడు అడిగారు.

సీలుకి సంబంధం లేదు. సీలు తియ్యాలంటే ముందు విప్పాల్సిన నట్టుకి ఉంది.

గేర్‌బాక్సు వైపు నుంచి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు, వెనక ఇరుసు మధ్యలో గేర్లుండే హౌసింగ్ ముక్కు దగ్గర ఒక ఫ్లాంజికి కలుస్తుంది. ఫ్లాంజి వెనకే పినియన్ అనే చిన్న గేరు. అది క్రౌన్ చక్రాన్ని తిప్పితే, క్రౌన్ ఇరుసుల్ని తిప్పుతుంది. పినియన్ని రెండు టేపర్ బేరింగులు మోస్తాయి. వాటి మధ్య పల్చటి గోడ ఉన్న ఉక్కు గొట్టం, స్పేసర్, ఉంటుంది. ఫ్యాక్టరీలో పినియన్ కొసనున్న నట్టు బిగిస్తూ ఆ గొట్టాన్ని కావాలనే కాస్త నలగనిస్తారు. బేరింగుల మీద సరిపడా ఒత్తిడి పడగానే ఆపేస్తారు. నలిగిన గొట్టం మళ్లీ సాగదు. సీలు మార్చినవాళ్లు ఎయిర్ గన్నుతో నట్టుని గట్టిగా బిగించేస్తే గొట్టం ఇంకాస్త నలుగుతుంది, బేరింగులు బిగుసుకుని వేడెక్కి కూస్తాయి. వదులుగా వదిలేసినా చేటే. పినియన్ ముందుకీ వెనక్కీ జరిగి, క్రౌన్ పళ్లతో కలవాల్సిన చోట కలవదు. అప్పుడూ కూతే.

అసలు సీలు ఎందుకు కారుతుంది? టైరు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు రెండు మీటర్లు కదులుతుంది. గంటకి అరవై కిలోమీటర్లంటే నిమిషానికి వెయ్యి మీటర్లు, అంటే చక్రానికి 500 చుట్లు. చక్రం ఒక్కసారి తిరిగితే పినియన్ దాదాపు నాలుగుసార్లు తిరుగుతుంది కాబట్టి, సీలు రబ్బరు పెదవి కింద ఫ్లాంజి మెడ నిమిషానికి 2000 చుట్లు ఒరుసుకుంటూ తిరుగుతోందన్నమాట. ఏళ్ల తరబడి ఆ ఒరిపిడికి రబ్బరు గట్టిపడుతుంది, ఉక్కు మెడ మీద కూడా గాడి పడుతుంది. ఇంకో కారణం చాలామంది చూడరు. హౌసింగ్ మీద గాలి పోవడానికి చిన్న బ్రీదర్ ఉంటుంది. అది మట్టితో మూసుకుపోతే వేడెక్కిన గాలి లోపలే ఉబ్బి, ఆయిల్‌ని సీలు మీదకి తోస్తుంది. బ్రీదర్ శుభ్రం చెయ్యకుండా వేసిన కొత్త సీలు కూడా కారుతుంది.

కారేది పినియన్ సీలే అని తేల్చుకోవడం కష్టం కాదు. ఫ్లాంజి తిరుగుతూ విసిరిన ఆయిల్ బండి అడుగున వలయంలా మరకేస్తుంది. గంధకం కలిసిన ఘాటు వాసన వస్తుంది. ఆ గంధకం ఎందుకంటే, జిప్సీలాంటి బండ్లలో పినియన్ క్రౌన్ చక్రం నడిమికి కిందుగా ఉంటుంది. 1926లో ప్యాకార్డ్ కార్లలో వచ్చిన హైపాయిడ్ పద్ధతి ఇది. పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ రాసుకుంటాయి కాబట్టి మామూలు నూనె నిలవదు, గంధకం మందు కలిపిన గేర్ ఆయిలే కావాలి. చక్రం డ్రమ్ము లోపల తడి కనిపిస్తే అది ఇరుసు సీలు గొడవ, పినియన్ జోలికి పోనక్కర్లేదు.

ఇక ఎలా మార్చాలి? ముందు చక్కటి చదును నేల, ముందు చక్రాలకి రెండువైపులా రాళ్లు, ఇరుసు కింద స్టాండ్లు. షాఫ్టు విప్పాక గేరు వెనక చక్రాలని పట్టుకోదు, ఇది మరిచిపోయి బండి కిందకి దూరకండి. షాఫ్టుకీ ఫ్లాంజికీ రంగుతో గుర్తు పెట్టి విప్పాలి, మళ్లీ అదే జోడీలో కలపాలి. వెనక చక్రాలు, డ్రమ్ములు తీసెయ్యాలి. బ్రేకు కాస్త పట్టినా తర్వాత చేసే కొలత తప్పుతుంది.

ఆ కొలతే ఈ పనికి ప్రాణం. ఫ్లాంజి అంచుకి గట్టి దారం చుట్టి, దాని కొసని స్ప్రింగ్ కాటా కొక్కేనికి కట్టి, మెల్లగా, ఒకే వేగంతో లాగాలి. తిరగడం మొదలయ్యే క్షణంలో ముల్లు పైకి ఎగురుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఫ్లాంజి సాఫీగా తిరుగుతున్నప్పుడు ముల్లు నిలిచిన చోటు చూసి రాసుకోవాలి. నేను ఈమధ్య చూసిన బండికి అది రెండున్నర కిలోలు. నట్టు విప్పడానికి పొడుగు పైపు తొడిగి ఒళ్లంతా వేలాడాల్సి వచ్చింది, సరైన బిగువు చెప్పింది మాత్రం ఆ రెండున్నర కిలోలే. ఎయిర్ గన్నుకి ఆ తేడా తెలియదు. నట్టుకీ పినియన్ కొసకీ ఫ్లాంజికీ కలిపి ఒక పంచ్ గుర్తు, నట్టు బయట ఎన్ని మరలు కనిపిస్తున్నాయో ఒక లెక్క, ఇవీ రాసుకోండి.

ఫ్లాంజిని పుల్లర్‌తో లాగాలి. సుత్తితో కొడితే దెబ్బ బేరింగులకి తగులుతుంది. మెడ మీద గోరు అడ్డంగా గీసి చూడండి. గోరు ఆగిందంటే గాడి లోతుగా ఉన్నట్టే, పైన పల్చటి స్లీవ్ తొడగాలి లేదా ఫ్లాంజి మార్చాలి. కొత్త సీలు స్ప్రింగు ఉన్న వైపు ఆయిల్ వైపుకి, పెదవికి గ్రీజు రాసి, ఏ పక్కా వాలకుండా చుట్టూ సమంగా తట్టి దింపాలి. పినియన్ మీద ఫ్లాంజి కూర్చునే గాళ్ల (స్ప్లైన్ల) సందులోంచి కూడా ఆయిల్ వస్తుంది కాబట్టి వాటికి గ్యాస్కెట్ పేస్టు రాయాలి. నట్టు కొత్తది వెయ్యండి. కొద్దికొద్దిగా బిగిస్తూ, ఫ్లాంజిని నాలుగు చుట్లు తిప్పి, మళ్లీ కాటాతో లాగి చూడాలి. పాత అంకె, లేదా దానికి రవ్వంత ఎక్కువ వచ్చాక చెయ్యి తీసెయ్యాలి. దాటిపోతే నట్టు వెనక్కి తిప్పి సర్దుకుందామనుకోవద్దు. గొట్టం సాగదని చెప్పానుగా, కొత్త స్పేసర్ వెయ్యక తప్పదు. కొన్ని హౌసింగుల్లో నలగని స్పేసరూ షిమ్ములూ ఉంటాయి, వాటికి మాన్యువల్‌లో ఇచ్చిన బిగువే ప్రమాణం.

మీ బండికి పాత కొలత లేదు కదా. డ్రమ్ములు తీయించి కాటా పెట్టించి, మాన్యువల్ అంకెతో పోల్చమనండి. నట్టు పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగినప్పుడు కదలిక ఉంటే వదులు, తిప్పుతుంటే బరువుగా ఉంటే బిగువు. బిగువైతే కొత్త స్పేసర్ వేసేటప్పుడే బేరింగుల రోలర్లు వెలుతురులో చూడండి. నీలం రంగు తిరిగినా, గుంటలు పడినా అవీ మార్చాలి. చివరగా, బండి చదునుగా నిలబెట్టి, లెవెల్ రంధ్రం అంచు దాకా ఆయిల్ పోయించండి. సీలు పని చేసినప్పుడు కారిపోయినంత మళ్లీ నింపారో లేదో అదీ అడగండి.