గర్భసంచి తీసినా పోని క్యాన్సర్‌

కరీంనగర్‌, ఆదిలాబాద్‌: తెల్లబట్ట అవుతోందనో, ముట్లుడిగిన తర్వాత మళ్లీ రక్తం కనిపిస్తోందనో ఆసుపత్రికి వెళ్లిన మహిళకు మన పల్లెల్లో తరచూ వినిపించే మాట ‘గర్భసంచి తీయించుకుంటే పోతుంది’. బీడీలు చుట్టేవారు, వ్యవసాయ కూలీలు పదేపదే తిరగలేక అదే మేలనుకుంటారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 3.2 శాతం మందికి గర్భసంచి తొలగించగా, తెలంగాణలో అది 7.7 శాతం. ముఖద్వారాన్ని పరీక్షించకుండానే ఆపరేషన్‌ చేస్తే లోపల దాగిన క్యాన్సర్‌ సంగతి తెలియదు. తీసిన గర్భసంచిని ల్యాబ్‌కు పంపకపోతే ఆ తర్వాతా తెలియదు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ పక్కనున్న కణజాలంలోకి, పొత్తికడుపులోని లింఫ్‌ గ్రంథుల్లోకి పాకుతుంది. మామూలు ఆపరేషన్‌లో గర్భసంచి మాత్రమే బయటికి వస్తుంది. పాకిన కణాలు అక్కడే మిగిలిపోతాయి. పైగా లోపలి నుంచి రేడియేషన్‌ ఇవ్వడానికి గొట్టం నిలపవలసిన గర్భాశయమే లేకుండా పోతుంది.

గడ్డ చిన్నదై, ముఖద్వారానికే పరిమితమైతే చుట్టూ ఉన్న కణజాలం, గ్రంథులతో సహా తొలగించే విస్తృత శస్త్రచికిత్స చేస్తారు. 4 సెంటీమీటర్లు దాటినా, పక్కలకు పాకినా ప్రధాన చికిత్స రేడియేషనే. మనవాళ్లు ‘కరెంటు పెట్టడం’ అనేది దీన్నే. ఇందులో విద్యుత్‌ షాకులేమీ ఉండవు. వారానికి 5 రోజుల చొప్పున సుమారు 5 వారాలు బయటి నుంచి కిరణాలు ఇస్తూ, వారానికోసారి సిస్‌ప్లాటిన్‌ అనే కీమో మందు ఎక్కిస్తారు. క్యాన్సర్‌ కణాలు కిరణాలకు మరింత లొంగేలా ఈ మందు చేస్తుంది. చివరన బ్రాకీథెరపీ పేరిట లోపలి నుంచి రేడియేషన్‌ ఇస్తారు. ఇదంతా 8 వారాల్లో ముగియాలి. 1999 ఫిబ్రవరిలో అమెరికా జాతీయ క్యాన్సర్‌ సంస్థ 5 పరిశోధనల ఫలితాలను చూపి రెండింటినీ కలిపి ఇవ్వాలని వైద్యులకు సూచించింది.

దీనికి ఆపరేషన్‌ కూడా తోడైతే ఇంకా మంచిది కదా అన్న ప్రశ్న సహజం. ముంబయిలోని టాటా మెమోరియల్‌ ఆసుపత్రి వైద్యులు దీన్నే పరీక్షించారు. 633 మందిలో కొందరికి ముందు కీమోతో గడ్డను కుదించి ఆపరేషన్‌ చేశారు, మిగతావారికి కీమో, రేడియేషన్‌ కలిపి ఇచ్చారు. 2018లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, 5 ఏళ్లకు వ్యాధి లేకుండా ఉన్నవారు ఆపరేషన్‌ వర్గంలో 69.3 శాతం, రెండో వర్గంలో 76.7 శాతం. బతికున్నవారి సంఖ్య మాత్రం ఇంచుమించు సమానమే. అంటే కత్తి అదనంగా ఇచ్చిందేమీ లేదు.

అలాగని రెండూ ఎన్నడూ కలవవని కాదు. విస్తృత శస్త్రచికిత్స తర్వాత గ్రంథుల్లోనో, కోసిన అంచుల్లోనో క్యాన్సర్‌ కనిపిస్తే కీమో, రేడియేషన్‌ తప్పనిసరి. రేడియేషన్‌ పూర్తయ్యాక కూడా గడ్డ మిగిలితే, ఎంపిక చేసిన కొందరికి ఆపరేషన్‌ ఆలోచిస్తారు. రెండు చికిత్సలూ పడిన శరీరంలో పేగు, మూత్రాశయ సమస్యలు, కాళ్ల వాపు ఎక్కువగా వస్తాయి గనుక ముందే ఒక దారి నిర్ణయించుకోవడం మేలు.

2024లో వెలువడిన ఇంటర్‌లేస్‌ పరిశోధనలో మరో దారి కనిపించింది. అసలు చికిత్సకు ముందు 6 వారాలు కీమో ఇచ్చినవారిలో 5 ఏళ్లకు 80 శాతం మంది జీవించి ఉండగా, ఇవ్వనివారిలో 72 శాతం మందే ఉన్నారు. ఈ పరిశోధనలో మన దేశ మహిళలూ ఉన్నారు.

మన జిల్లాలకు అసలు చిక్కు ఆ 8 వారాలే. ఆదిలాబాద్‌ నుంచి హైదరాబాద్‌లోని ఎం.ఎన్‌.జె. క్యాన్సర్‌ ఆసుపత్రికి సుమారు 300 కిలోమీటర్లు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ చికిత్స ఖర్చు భరిస్తుంది, 2023 డిసెంబరులో దాని పరిమితి రూ.10 లక్షలకు పెరిగింది. కానీ తోడుండే మనిషి కూలి, బస, తిండి ఇంటివాళ్లే చూసుకోవాలి. పత్తి ఏరే రోజులొస్తే ‘మళ్లీ వస్తాం’ అని మధ్యలో ఇంటికి వచ్చేయాలనిపిస్తుంది. రేడియేషన్‌ ఆగిన ప్రతి రోజూ గడ్డకు ఊపిరి పోస్తుంది. రక్తం తక్కువగా ఉన్నా చికిత్స సరిగా పనిచేయదు కాబట్టి ముందే రక్తం ఎక్కించుకోవలసి రావచ్చు.

గర్భసంచి తీయాలని చెప్పినప్పుడు సంతకానికి ముందు ముఖద్వారం చూశారా, అనుమానముంటే ముక్క పరీక్ష చేశారా అని అడగాలి. ఇప్పటికే తీయించుకున్నవారు తీసిన భాగం పరీక్ష నివేదిక అడిగి తీసుకోవాలి. అందులో క్యాన్సర్‌ అని ఉంటే, ఆ నివేదికతో పాటు ల్యాబ్‌లోని గాజు స్లైడ్లను కూడా వెంట పట్టుకుని క్యాన్సర్‌ ఆసుపత్రికి వెళ్లాలి.