ఎర్రమట్టి దిబ్బల మీదుగా భీమిలికి

విశాఖపట్నం నుండి భీమునిపట్నానికి వెళ్ళే సాగరతీర రహదారి మీద బస్సు ప్రయాణం ఎంతోసేపు పట్టదు. కుడివైపు సముద్రం, ఎడమవైపు కొండలు. కిటికీ పక్కన చోటు దొరికినవారు అంతా చూశామనే తృప్తితో దిగిపోతారు. కాని రెండు వేల ఏళ్ళనాటి బౌద్ధ విహారమూ, దానికంటే ఎన్నో రెట్లు పాతదైన ఇసుక నేలా వారి కంట పడనే పడవు. ఆ రెండింటినీ చూడగోరేవారు తొట్లకొండ దగ్గర దిగి, దారి తెలిసిన మనిషి వెంట కాలినడకన భీమిలి చేరాలి. పది పన్నెండు కిలోమీటర్ల దూరం. తెల్లవారుతూనే బయలుదేరితే, ఆగి ఆగి నడిచినా పొద్దుగుంకేలోగా చేరవచ్చు.

తొట్లకొండ ఎత్తు 128 మీటర్లు. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల దానికా పేరు వచ్చింది. కొండ మీది శిథిలాల సంగతి 1976లో నౌకాదళం విమానం నుండి సర్వే జరిపినప్పుడు బయటపడింది. 1988-1993 మధ్య పురావస్తు శాఖ తవ్వకాలు జరపగా స్తూపాలు, చైత్యాలు, భిక్షువుల గదులు వెలువడ్డాయి. శాతవాహనుల నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. రోము నాణెం ఈ కొండ మీదికెలా వచ్చిందని ఎవరైనా అడిగితే మార్గదర్శి సముద్రం వైపు చేయి చూపుతాడు. భిక్షువులు ఏకాంతాన్నే కోరుకున్నా, ఆ ఏకాంతం ఓడల దారికి ఎదురుగానే ఉండేది. ఇక్కడి మహాస్తూపాన్ని మన కాలంలో పునరుద్ధరించారు. 2019 అక్టోబరు వర్షాలకు అందులో కొంత భాగం కూలిపోయింది. పాత ఇటుకను నిలబెట్టడం కొత్త ఇల్లు కట్టడమంత సులభం కాదు!

కొండ దిగి రోడ్డు దాటితే మంగమారిపేట. ఇక్కడ అలలు రాతిని తొలిచి సహజమైన తోరణం కట్టాయి. పోటు సమయంలో దాని దగ్గరికి పోవడం ప్రమాదం. ఒడ్డున జాలరులు వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. అక్కడి నుండి దారి కొంత ఇసుక మీద, కొంత రోడ్డు పక్కన సాగుతుంది. ఎండ ముదిరేసరికి ఎర్రమట్టి దిబ్బలు కనిపిస్తాయి.

పేరులో మట్టి ఉన్నా, ఇవి నిజానికి ఇసుక దిబ్బలు. సుమారు 20,000 ఏళ్ళ క్రితం, మంచుయుగంలో, సముద్ర మట్టం ఇప్పటికంటే 100 మీటర్లకు పైగా దిగువన ఉండేది. బయటపడిన సముద్రపు అడుగు నుండి గాలి ఇసుకను ఎగరేసి తెచ్చి ఇక్కడ పోగుపెట్టిందని భూవిజ్ఞానులు వివరిస్తారు. ఇసుక రేణువులలోని ఇనుప ఖనిజాలు కాలక్రమాన తుప్పు పట్టి, ఒక్కొక్క రేణువు మీద ఎర్రని పూత ఏర్పడింది. తరువాత వానలు ఆ దిబ్బలను కోసి, మనిషి నడవదగినంత లోతైన ఇరుకు సందులు చేశాయి. రెండు వైపులా గోడలు. వాటిలో ఎరుపు, పసుపు, లేత గోధుమ రంగులు. తమిళనాడులోని తేరి ఇసుకలు, శ్రీలంకలోని కొన్ని నేలలు తప్ప దక్షిణాసియాలో వీటికి పోలిక లేదంటారు.

మార్గదర్శి అసలు పని మొదలయ్యేది ఇక్కడే. అంతవరకు "చూడండి" అన్నవాడు ఇక "ఆగండి" అంటాడు. గోడ రాయిలా కనిపిస్తుంది గాని, చేయి ఆనిస్తే రాలిపోతుంది. పైకెక్కిన ఒక్క అడుగు ఒక గాడి చేస్తుంది, ఆ గాడిని మరుసటి వాన కాలువ చేస్తుంది. గుప్పెడు ఎర్ర ఇసుక జేబులో వేసుకునే పిల్లవాణ్ణి అతడు కోప్పడడు, తిరిగి పోయిస్తాడు. కాని గుప్పెళ్ళతో పోయేది ఎంత? 2014లో భూవారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చినా దిబ్బలకు యంత్రాల బెడద తప్పలేదు. 2024 జులైలో ఈ ప్రాంతంలో నేల చదును చేసే పనుల మీద పెద్ద ఆందోళనే చెలరేగింది. 2025లో దిబ్బలు యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. అది తుది గుర్తింపు కాదు, తొలి మెట్టు మాత్రమే. దిబ్బల మీద జీడిమామిడి చెట్టు నీడన కూర్చుని సద్ది విప్పుకున్నప్పుడు మాట సహజంగానే అక్కడికి పోతుంది.

సాయంత్రానికి భీమిలి. అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహల మీదుగా వచ్చిన గోస్తనీ నది ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. 17వ శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ వర్తక స్థావరం నెలకొల్పారు. 1825లో ఊరు ఆంగ్లేయుల వశమైంది. డచ్చి శ్మశానంలో 1661 నాటి సమాధి కూడా ఉంది. ఉప్పుగాలికి రాతి మీది అక్షరాలు అరిగిపోతున్నాయి. అలసినవారు ఆ గోడ పక్కన కూర్చుని చెప్పులు విదిలిస్తారు. తిరిగి పోయించినదంతా పోగా మిగిలిన ఎర్ర ఇసుక కాస్త ఆ గడ్డిలో రాలుతుంది.