కిత్తనార

కిత్తనార (శాస్త్రీయ నామం: అగేవ్ అమెరికానా) ముళ్ళతో కూడిన మందపాటి ఆకులు గల పెద్ద మొక్క. దీనిని కొన్నిచోట్ల రాకాసి మట్టలు అని కూడా అంటారు. ఇది ఆస్పరాగేసి కుటుంబానికి చెందినది. స్వస్థలం మెక్సికో, దానిని ఆనుకొని ఉన్న అమెరికా దక్షిణ ప్రాంతం. 1753లో లిన్నేయస్ దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. నాగజెముడు వంటి కాక్టస్ మొక్కలకు ఇది బంధువు కాదు.

లక్షణాలు

నీలి ఛాయ గల ఆకులు నేల మట్టం నుండే గుండ్రంగా విచ్చుకొని, 1 నుండి 2 మీటర్ల పొడవు పెరుగుతాయి. అంచులకు వంకర ముళ్ళు, కొనకు సూది వంటి గట్టి ముల్లు ఉంటాయి. ఆకు రంధ్రాలు రాత్రివేళ తెరచుకొంటాయి. అందువలన పగటి ఎండలో నీరు ఎక్కువగా ఆవిరి కాదు.

నూరేళ్ళకొకసారి పూస్తుందనే నమ్మకం ఉన్నా, సాధారణంగా 10 నుండి 30 ఏళ్ళలో పూస్తుంది. పూకాడ 8 మీటర్ల వరకు లేస్తుంది. జీవితంలో ఒకే ఒక్కసారి పూసి తల్లి మొక్క చనిపోతుంది. చుట్టూ వచ్చిన పిలకలు మిగులుతాయి.

డెల్టా నేలల్లో పెంపకం

కృష్ణా జిల్లాలోని మొవ్వ, ఘంటసాల, చల్లపల్లి ప్రాంతాలలో కాలువల కింద వరి పండే నల్లరేగడి ఎక్కువ. ఈ నేల వేసవిలో బీటలు వారుతుంది, వానాకాలంలో నీటిని వదలదు. ఎండకు తట్టుకొనే కిత్తనార వేరు, నిలువ నీటిలో కుళ్ళిపోతుంది. కనుక ఇక్కడ నీరు పెట్టడం కంటే నీరు పోయే దారి చూడడం ముఖ్యం.

* నేలకు ఒకటిన్నర, రెండు అడుగుల ఎత్తున దిబ్బ వేసి, మట్టిలో ఇసుక, ఇటుక ముక్కలు కలపాలి.
* పిలకను వేరుతో సహా కోసి, నాలుగైదు రోజులు నీడలో ఆరనిచ్చి నాటాలి. కోత మానకముందే నాటితే కుళ్ళుతుంది.
* జనవరి, ఫిబ్రవరి నెలల్లో నాటితే వానలు వచ్చేలోగా వేళ్ళు పట్టుకొంటాయి.
* మొక్క మొదలు మట్టిలో పూడిపోరాదు.
* వేసవిలో రెండు, మూడు వారాలకొకసారి తడి చాలు. వర్షాకాలంలో అవసరం లేదు.
* అక్టోబరు, నవంబరు తుఫాను వానలకు ముందే దిబ్బ చుట్టూ కాలువ తీయాలి.

జాగ్రత్తలు

ఆకు కొన చిన్నపిల్లల కంటి ఎత్తున ఉంటుంది. అందుచేత నడకదారికి, వాకిలికి, పిల్లలు ఆడుకొనే చోటికి కనీసం 6 అడుగుల దూరంలో నాటాలి. ఆకుకు దెబ్బ తగలకుండా కొనముల్లు మాత్రం కత్తిరించవచ్చును.

కలబంద అని పొరబడి దీని రసాన్ని ఒంటికి పూయరాదు. ఇందులోని కాల్షియం ఆక్సలేట్ సూదుల వంటి స్ఫటికాల వలన దురద, మంట, బొబ్బలు కలుగుతాయి. ఆకులు కోసేటప్పుడు చేతులకు తొడుగులు, కంటికి అద్దాలు ధరించాలి. రసం కంటిలో పడితే వెంటనే ధారాళంగా నీటితో కడిగి వైద్యుని వద్దకు వెళ్ళాలి.

ఉపయోగాలు

ఆకుల నుండి తీసిన నారతో తాళ్ళు పేనుతారు. పొలం గట్లపై పశువులు రాకుండా కంచెగా కూడా వేస్తారు.