క్రీడోత్సవ స్మారక నాణెములు

నాణెములను సేకరించుట వృథా ప్రయాసమని కొందరు తలిదండ్రులు మాతో చెప్పుదురు. వారికి మేము కొన్ని నాణెముల కథ వినిపింతుము.

హెల్సింకీ నగరమున 1940లో జరుగవలసిన ఒలింపిక్ క్రీడలు యుద్ధమువలన ఆగిపోయి, 1952లో జరిగెను. అందులకై ఫిన్లాండు 500 మార్కాల వెండి నాణెమును ముద్రించెను. కొన్నిటిపై 1951 అనియు, తక్కినవానిపై 1952 అనియు ఉండును. లోహ మొక్కటే, ముద్ర యొక్కటే; అయినను 1951 నాటివి బహు కొద్ది గనుక వాని వెల హెచ్చు.

మ్యూనిక్ నగరపు 1972 క్రీడలకు పశ్చిమ జర్మనీ వెలువరించిన 10 మార్కుల నాణెముపై మొదట 'జర్మనీలో' అని యుండెను. నాడు ఆ దేశము రెండు రాజ్యములుగా చీలియుండెను. తూర్పు జర్మనీవా రాక్షేపింపగా, ఆ మాటను 'మ్యూనిక్‌లో' అని మార్చిరి. చీలిన దేశపు చరిత్ర యా యొక్క మాటలో నిలిచినది.

మన దేశమును 1982 ఢిల్లీ ఆసియా క్రీడలకు నాణెములు ముద్రించెను. వానిలో 25 పైసల నాణెము, 2011లో చెలామణి నుండి తొలగినను, ఇంటి పాతపెట్టెలలో దొరకవచ్చును. పేద బాలుడును దానితో నారంభింపవచ్చును.

బాలురారా, ఒక్క హెచ్చరిక. నాణెమును చింతపండుతోగాని విభూదితోగాని తోమకుడు. మెరుపు వచ్చును గాని పైముద్ర యరిగి విలువ పోవును. అంచులను మాత్రమే పట్టుకొని, చూచిన ప్రతి నాణెపు దేశమును, సంవత్సరమును పుస్తకమున వ్రాసికొనుడు. ఆ పుస్తకమే మీ నిజమైన ధనము.