రంపానికి ఏ ప్లగ్?

గత వేసవిలో మాకు నాగపూర్ నుంచి జబల్‌పూర్‌కు బదిలీ అయింది. సామాను వచ్చిన చెక్కపెట్టెలను పారేయడం మా నాన్నగారికి ఇష్టం ఉండదు. వెళ్లిన ప్రతి ఊళ్లోనూ వాటితో ఏదో ఒకటి చేస్తారు. ఈసారి పుస్తకాల అర చేద్దామన్నారు. పక్క క్వార్టర్ అంకుల్ దగ్గర కరెంటు రంపం అడిగి తెచ్చారు. దాని ప్లగ్ పిన్నులు లావు, వరండా బోర్డులోని సాకెట్‌కు పట్టలేదు. అయితేనేం, ఇంట్లో కన్వర్టర్ ప్లగ్ ఉంది కదా! అది తగిలించి స్విచ్ వేశారు. రంపం ఒక్కసారి గుర్రుమంది, ఇంట్లో ఫ్యాన్లన్నీ ఆగిపోయాయి. ఎంసీబీ పడిపోయింది. పైకి లేపితే మళ్లీ పడింది.

"ఇది 6 ఆంపియర్లదే. 16ది వేయిస్తే సరిపోతుంది" అన్నారు నాన్నగారు. కాలనీ ఎలక్ట్రీషియన్ వచ్చి బోర్డు విప్పి, లోపలి సన్నటి తీగను నాకు చూపించాడు. "బేటా, ఎంసీబీ ఉన్నది మీ మెషీన్ కోసం కాదు, గోడలో ఉన్న ఈ తీగ కోసం. ఇది ఒక చదరపు మిల్లీమీటరుది. పెద్ద ఎంసీబీ వేస్తే అది పడదు, తీగ కాలుతుంది" అన్నాడు.

ఆ మాట అర్థం కావాలంటే చిన్న భాగహారం చాలు. ప్రతి పనిముట్టు మీదా ఒక రేకు ఉంటుంది. దాని మీద రాసిన వాట్లను మన ఇళ్ల వోల్టేజి 230తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 600 వాట్ల డ్రిల్లింగ్ మెషీన్‌కు రెండున్నర ఆంపియర్ల పైచిలుకు. అది చిన్న సాకెట్‌లో హాయిగా నడుస్తుంది. మేం తెచ్చిన రంపం 1600 వాట్లది, అంటే దాదాపు 7 ఆంపియర్లు. 6 ఆంపియర్ల సాకెట్‌కు అది అప్పుడే ఎక్కువ. పైగా మోటారు నిలకడ నుంచి కదిలే క్షణంలో మామూలు కంటే నాలుగైదు రెట్లు కరెంటు లాగగలదు. బి రకం ఎంసీబీ తన రేటింగుకు మూడు నుంచి ఐదు రెట్లు దాటితే తక్షణం పడిపోతుంది. మాది 6 ఆంపియర్ల బి రకం, అంటే 18 నుంచి 30 మధ్య ఎక్కడో దాని హద్దు. రంపం మొదటి గుర్రుకే అది పడిపోయిందంటే తన పని తాను చేసిందన్నమాట.

పదో తరగతి సైన్సు పుస్తకంలో ఇళ్లకు 5 ఆంపియర్లు, 15 ఆంపియర్లు అని రెండు సర్క్యూట్లు ఉంటాయని చదువుకున్నాం. ఇప్పటి సాకెట్ల మీద అవే 6, 16గా కనిపిస్తాయి. తేడా సాకెట్ రంధ్రాల్లోనే కాదు, వెనకున్న తీగ మందంలో కూడా ఉంటుంది. లైట్ల సర్క్యూట్‌కు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, పవర్ సాకెట్‌కు 4 చదరపు మిల్లీమీటర్లది వేయడం వాడుక. పాత క్వార్టర్లలో మా వరండాలోలాగా ఇంకా సన్నవీ ఉంటాయి. కరెంటు రెట్టింపైతే తీగలో పుట్టే వేడి నాలుగింతలవుతుంది. లావు ప్లగ్‌ను చిన్న సాకెట్‌లోకి రానివ్వకపోవడం మనల్ని విసిగించడానికి కాదు. కన్వర్టర్ ప్లగ్ చేసేది ఆ కాపలాను తప్పించడమే.

చివరికి వంటింట్లోని పవర్ సాకెట్ నుంచి ఎక్స్‌టెన్షన్ లాగాం. అక్కడా ఒక లెక్క ఉంది. మా రీలులోది ఒక చదరపు మిల్లీమీటరు తీగ, పొడవు 20 మీటర్లు. పోనూ రానూ 40 మీటర్ల రాగి, నిరోధం సుమారు 0.7 ఓములు. 7 ఆంపియర్లు పారితే 34 వాట్ల వేడి. తీగ పరిచి ఉంటే ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. రీలుకు చుట్టే ఉంచితే లోపలే పేరుకుని పైతొడుగు మెత్తబడుతుంది. అందుకని ఎలక్ట్రీషియన్ రీలు మొత్తం విప్పించాడు. వరండా నిండా తీగే! అమ్మ దాటలేక విసుక్కుంది.

సెలవులకు తాతగారి ఊరు వెళ్లినప్పుడు పెరటి షెడ్డులో చెక్కపనికి కరెంటు పెట్టించాలన్న మాట వచ్చింది. కాగితం మీద లెక్క వేశాను. రంపం ఒక్కటే కాదు, పొట్టు లాగే వాక్యూమ్ కూడా దాంతోపాటే నడుస్తుంది. 1600, 1200 కలిపి 2800 వాట్లు, అంటే 12 ఆంపియర్లకు పైనే. కాబట్టి 4 చదరపు మిల్లీమీటర్ల తీగతో, 16 ఆంపియర్ల ఎంసీబీతో, ఎర్త్‌తో షెడ్డుకు విడిగా ఒక సర్క్యూట్ ఉండాలి. మట్టినేల కనుక 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా ఉండాలి. కరెంటు ఒంటి గుండా నేలకు దారి వెతుక్కుంటే అదే ఆపాలి. షెడ్డులో బల్బు మాత్రం ఈ సర్క్యూట్ మీద వద్దన్నాను. "అదెందుకురా?" అని తాతగారు అడిగారు. ఎంసీబీ పడితే రంపానికి కరెంటు పోతుంది కానీ పళ్లచక్రం వెంటనే ఆగదు. దాని పక్కన చీకట్లో నిలబడాల్సి వస్తే? తాతగారు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

పుస్తకాల అర ఇప్పుడు నా గదిలో ఉంది, కొంచెం ఎడమకు వాలుతుంది. రంపం అంకుల్‌కు తిరిగి ఇచ్చేశాం. కన్వర్టర్ ప్లగ్ ఎక్కడ దాచిందో మాత్రం అమ్మ ఎవరికీ చెప్పడం లేదు.