పాల ధర తేల్చే ఐదు నిమిషాలు

సూరత్ అనగానే చీరలు, వజ్రాలు గుర్తొస్తాయి. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాల పనికి వలస వెళ్లిన వేలాది కుటుంబాలకు ఆ ఊరు రెండో ఇల్లు. అయితే నగరం దాటి బార్డోలీ, మాండ్వీ, వ్యారా వైపు వెళ్తే కనిపించేది మరో లోకం. అక్కడ ఉదయం, సాయంత్రం పాల సంఘాల ముందు క్యాన్లు పట్టుకుని రైతులు వరుస కడతారు. వీరిలో ఆదివాసీ మహిళలు ఎక్కువ. ఈ పాలన్నీ 1951లో ఏర్పడిన సూరత్ జిల్లా సహకార పాల ఉత్పత్తిదారుల సంఘానికి, అంటే ‘సుముల్’ డెయిరీకి చేరతాయి.

ఎన్ని లీటర్లు పోశారన్న లెక్క ఒక్కటే వారికి వచ్చే డబ్బును నిర్ణయించదు. ఆ పాలలో వెన్న ఎంత, వెన్న కాని ఘనపదార్థాలు (ఎస్.ఎన్.ఎఫ్.) ఎంత అన్నది కూడా చూస్తారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాల కేంద్రాల్లోనూ ఇదే పద్ధతి. కాబట్టి వెన్న శాతం కొలిచే పరికరం ఒక రకంగా తక్కెడ లాంటిది. తక్కెడ తప్పితే ఎవరు నష్టపోతారు?

నీళ్లు కలిపితే ఎలా తెలుస్తుంది?

పాలను లీటర్లలో మాత్రమే కొన్నంత కాలం, నీళ్లు కలిపినవాడికి లాభం, చిక్కటి పాలు పోసినవాడికి నష్టం. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికా, ఐరోపా డెయిరీలన్నిటికీ ఇదే తలనొప్పి. దీనికి 1890లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ బాబ్‌కాక్ ఒక సులువైన పరీక్ష కనిపెట్టారు. రైతులందరికీ అందుబాటులో ఉండాలని దానికి పేటెంట్ కూడా తీసుకోలేదు. దాదాపు అదే సమయంలో స్విట్జర్లాండ్ రసాయన శాస్త్రవేత్త నిక్లాస్ గెర్బర్ మరో పద్ధతి రూపొందించారు. మన దేశపు డెయిరీ ప్రయోగశాలల్లో స్థిరపడింది ఈ గెర్బర్ పద్ధతే.

ఇది పని చేసే తీరు తెలియాలంటే ముందు పాల స్వభావం తెలియాలి. పాలలో కొవ్వు కంటికి కనిపించనంత చిన్న గోళికలుగా ఉంటుంది. వాటి వ్యాసం సాధారణంగా మూడు, నాలుగు మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ప్రతి గోళిక చుట్టూ పలుచని పొర ఉండి, అవి ఒకదానితో ఒకటి కలిసిపోకుండా కాపాడుతుంది. పెరుగును కవ్వంతో చిలికినప్పుడు వెన్న పడటానికి కారణం ఈ పొరలు చిరిగిపోవడమే.

కొవ్వు నీటికంటే తేలిక కాబట్టి మీగడగా పైకి తేలుతుంది. కానీ ఎంత నెమ్మదిగానో! మూడు మైక్రాన్ల గోళిక ఒంటరిగా పైకి సాగితే గంటకు సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే కదులుతుంది. పాల కేంద్రం దగ్గర వరుసలో ఉన్నవారు అంతసేపు ఆగలేరు కదా.

ఆమ్లం చేసే పని, తిరుగుడు చేసే పని

గెర్బర్ పరీక్ష ఈ ఇబ్బందిని రెండు వైపుల నుంచి తీరుస్తుంది. బ్యూటిరోమీటర్ అనే గాజు గొట్టంలో ముందుగా 10 మిల్లీలీటర్ల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తారు. దానిపై 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్ చేర్చి, రబ్బరు బిరడా బిగించి కుదుపుతారు. ఆమ్లం పాలలోని ప్రొటీన్లను, కొవ్వు చుట్టూ ఉన్న పొరనూ కరిగించేస్తుంది. కొవ్వును మాత్రం కరిగించదు. ఈ చర్యలో గొట్టం చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. అందుకే దాన్ని గుడ్డలో చుట్టి పట్టుకుంటారు. కొవ్వు చక్కగా విడిపోవడానికి, మాడకుండా ఉండటానికి అమైల్ ఆల్కహాల్ తోడ్పడుతుంది.

ఆమ్లం మరో మేలు కూడా చేస్తుంది. కొవ్వు సాంద్రత మిల్లీలీటరుకు 0.9 గ్రాములు. పాల సాంద్రత 1.03. రెంటి మధ్య తేడా స్వల్పం. ఆమ్లం కలిశాక ద్రవం సాంద్రత దాదాపు 1.4కు పెరుగుతుంది. తేడా పెరిగితే కొవ్వు మరింత వేగంగా విడిపోతుంది.

ఆ తర్వాతి పని సెంట్రిఫ్యూజ్‌ది. బస్సు మలుపు తిరిగినప్పుడు మనం బయటి వైపుకు ఒరిగినట్టే, తిరిగే గొట్టంలో బరువైన ద్రవం అంచు వైపుకు పోతుంది. తేలికైన కొవ్వు కేంద్రం వైపుకు చేరుతుంది. అందుకే కొలతగీతలున్న సన్నని భాగాన్ని లోపలికి, బిరడాను బయటికి ఉంచి గొట్టాలను అమరుస్తారు. ఒక గొట్టానికి ఎదురుగా మరొకటి ఉండి తీరాలి. గొట్టాల సంఖ్య బేసి అయితే నీళ్లు నింపిన గొట్టాన్ని జతగా పెడతారు. లేకపోతే యంత్రం ఊగిపోతుంది.

సాధారణ డెయిరీ సెంట్రిఫ్యూజ్ నిమిషానికి సుమారు 1100 సార్లు తిరుగుతుంది. తిరిగే వృత్తం వ్యాసార్ధం 26 సెంటీమీటర్లయితే, గొట్టంలోని ద్రవంపై భూమ్యాకర్షణకు 350 రెట్ల బలం పడుతుంది. అంటే ఐదు నిమిషాల తిరుగుడు, కదలకుండా ఒక రోజంతా ఉంచడం కంటే ఎక్కువ పని చేస్తుంది. ఆపై గొట్టాన్ని 65 డిగ్రీల వేడినీటి తొట్టిలో ఉంచి, పసుపురంగు కొవ్వు స్తంభం ఏ గీత దాకా ఉందో చూస్తారు. ఆ గీతే వెన్న శాతం.

ఇందులో లెక్క కట్టాల్సిన పని కూడా ఉండదు. 10.75 మిల్లీలీటర్ల పాల బరువు సుమారు 11 గ్రాములు. అందులో ఒక శాతం కొవ్వు అంటే 0.11 గ్రాములు. వేడి కొవ్వుగా అది దాదాపు 0.125 మిల్లీలీటర్ల చోటు ఆక్రమిస్తుంది. బ్యూటిరోమీటర్ మీద ఒక్కో శాతానికి కేటాయించిన చోటు సరిగ్గా అంతే.

పొరపాటు ఎటు మొగ్గుతుంది?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. తిరిగే వేగం, బలం ఒకే నిష్పత్తిలో మారవు. బలం వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది. వోల్టేజి పడిపోయి యంత్రం 1100కు బదులు 1000 సార్లే తిరిగిందనుకుందాం. వేగం తగ్గింది తొమ్మిది శాతమే అయినా, బలం 17 శాతం తగ్గి 290 రెట్ల దగ్గర ఆగిపోతుంది. ప్రమాణాలు అనుమతించేది 300 నుంచి 400 రెట్ల వరకు. బలం చాలకపోతే కొంత కొవ్వు ద్రవంలోనే ఉండిపోతుంది. వెన్న తక్కువ చూపిస్తుంది.

మిగతా అజాగ్రత్తలూ చాలావరకు ఇదే దారి పడతాయి. గొట్టం చల్లబడ్డాక చూస్తే కొవ్వు కుంచించుకుపోతుంది. వెన్న తక్కువ. పిపెట్‌లో పాలు గీత దాకా తీసుకోకపోయినా తక్కువే. ఆమ్లం పలుచనైతే ప్రొటీన్ పూర్తిగా కరగదు. అప్పుడూ తక్కువే చూపించే అవకాశం ఎక్కువ. ఆల్కహాల్ ఎక్కువ పడితే రీడింగు పెరగవచ్చు కానీ, యంత్రం నీరసపడినా, మనిషి తొందరపడినా నష్టం ఎక్కువసార్లు పాలు పోసినవారిదే.

ఆ నష్టం ఎంతో ఒక ఉదాహరణతో చూద్దాం. రోజుకు 10 లీటర్ల పాలు పోసే కుటుంబం, కిలో వెన్నకు 800 రూపాయల ధర అనుకుందాం. పరీక్షలో 0.1 శాతం తక్కువ వస్తే రోజుకు ఎనిమిది రూపాయలు పోతాయి. ఏడాదికి దాదాపు మూడు వేలు. గీతల మధ్య వెంట్రుకవాసి తేడా ఖరీదు అది.

యంత్రాలు మారినా

గాఢ ఆమ్లంతో పల్లెల్లో పని చేయడం ప్రమాదకరం. అందుకే పాల కేంద్రాల్లో గెర్బర్ గొట్టాల స్థానంలోకి ఎలక్ట్రానిక్ పరికరాలు వచ్చాయి. మొదట కాంతి చెదిరే తీరును బట్టి కొవ్వును కొలిచే మిల్కోటెస్టర్లు, తర్వాత పాలలోంచి ధ్వని తరంగాలు వెళ్లే తీరును బట్టి కొవ్వునూ ఎస్.ఎన్.ఎఫ్.నూ అంచనా వేసే అల్ట్రాసోనిక్ పరికరాలు. ఫలితం నిమిషంలో చీటీ మీద ముద్రితమై చేతికొస్తుంది.

అయితే ఈ పరికరాలు కొవ్వును విడదీసి చూపవు, అంచనా మాత్రమే వేస్తాయి. ఆ అంచనా సరైనదేనా అని తెలియాలంటే, అవే పాలను గెర్బర్ వంటి పద్ధతితో పరీక్షించి పోల్చాలి. ఆవు పాలకూ గేదె పాలకూ విడివిడిగా సరిచూడాలి. అందుకే 130 ఏళ్లు దాటినా సెంట్రిఫ్యూజ్ డెయిరీ ప్రయోగశాల వదిలి వెళ్లలేదు.

దానికీ ఒక పరిమితి ఉంది. పాలలో ఎవరైనా వంటనూనె కలిపితే, అది కూడా కొవ్వే కాబట్టి వెన్నతో పాటే పైకి తేలుతుంది. దాన్ని పట్టుకోవడానికి వేరే పరీక్షలు కావాలి.

పాలు పోసేవారికి ఈ భౌతికశాస్త్రమంతా తెలియనక్కర్లేదు. నమూనా తీసే ముందు క్యాన్‌లో పాలు బాగా కలిపారా? యంత్రాన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశారు? అనుమానం వస్తే అదే నమూనాను డెయిరీలో గెర్బర్ పద్ధతిలో మళ్లీ పరీక్షిస్తారా? వరుసలో నిలబడిన ఏ రైతైనా అడగదగ్గ ప్రశ్నలు ఈ మూడే.