మూర్ఛవ్యాధి – పేద కుటుంబాలు: ఆర్మూర్ పసుపు ప్రాంతం నేపథ్యంగా ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:
తెలుగు వ్యవహారంలో 'మూర్ఛ' అనే ఒకే మాట స్పృహ తప్పడాన్నీ, మెదడులోని విద్యుత్ ప్రేరణలు అదుపు తప్పి పదేపదే వచ్చే వ్యాధినీ సూచిస్తుంది. ఆయుర్వేదం ఈ రెంటినీ వేరుచేసి, వ్యాధిని 'అపస్మారం' అన్నది. వ్యవహారంలో ఈ భేదం చెరిగిపోయినచోట వ్యాధి నీరసంగానో, గాలి సోకడంగానో కనిపిస్తుంది, వైద్యం ఆలస్యమవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఈ వ్యాధిగ్రస్తులు సుమారు 5 కోట్లమంది. వారిలో దాదాపు 80 శాతం అల్ప, మధ్యాదాయ దేశాలవారే. సరైన చికిత్స అందితే 70 శాతం వరకు మూర్ఛలు లేకుండా జీవించగలరు. ఆ చికిత్సను పేదలకు దూరం చేస్తున్నది మందుల ధర ఒక్కటే కాదని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. ప్రమాద కారకాలు:
వ్యాధికి జన్యు కారణాలున్నా, నివారించదగినవీ అనేకం. కాన్పు సమయంలో శిశువుకు ప్రాణవాయువు అందకపోవడం, మెదడువాపు, తలకు దెబ్బలు, పక్షవాతం వీటిలో ముఖ్యమైనవి. బద్దెపురుగు గుడ్లు కలుషితమైన నీటి ద్వారా, ఆహారం ద్వారా శరీరంలో చేరితే మెదడులో తిత్తులు ఏర్పడతాయి. పంది మాంసం తిననివారికీ ఇది సోకుతుంది కనుక, మూలం మరుగుదొడ్డి, చేతుల శుభ్రతల లేమిలో ఉన్నది.

3. చికిత్స అందుబాటు:
నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ పరిసరాల్లో పసుపు తవ్వడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం, మార్కెట్‌కు చేర్చడం ఏటా కొన్ని నెలల్లోనే ముగియవలసిన పనులు. ఉడికే కడాయి పక్కన వచ్చే మూర్ఛ ప్రాణాంతకం కావచ్చు. ఫినోబార్బిటోన్, ఫెనిటాయిన్ వంటి మాత్రలు చవకైనవే. అయితే ఆసుపత్రికి వెళ్ళిన రోజు రోగి కూలితోపాటు తోడు వెళ్ళినవారి కూలీ పోతుంది. పని ముమ్మరంగా ఉన్నప్పుడు మందు తప్పడానికి ఇదే దారి. మూర్ఛలు ఆగగానే నయమైందని మాత్రలు ఒక్కసారిగా మానితే, అవి తిరగబెట్టడమే కాక ఎడతెరిపి లేకుండా కొనసాగే ప్రమాదం ఉన్నది.

స్త్రీల స్థితి మరింత క్లిష్టం. 1955 హిందూ వివాహ చట్టంలో వివాహానికి అడ్డంకిగా ఉన్న ఈ వ్యాధిని 1999 సవరణ తొలగించింది. చట్టం వదిలినా సమాజం వదలలేదు. పెళ్ళికి ముందు వ్యాధిని దాచిన కుటుంబం, పెళ్ళయ్యాక మాత్రలనూ దాచవలసి వస్తుంది. వాల్‌ప్రొయేట్ వంటి మందు గర్భస్థ శిశువుకు హాని చేయగలదు కనుక, దాపరికం వల్ల వైద్యుని సలహా అందకపోవడం తల్లీబిడ్డలిద్దరికీ ముప్పు.

4. ముగింపు:
నెలనెలా మాత్రలు ఊరికి దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే అందితే కూలి నష్టం తగ్గుతుంది. మూర్ఛ వచ్చినవారి చేతిలో తాళంచెవులు పెట్టరాదని, నోట్లో ఏదీ కుక్కరాదని, పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, 5 నిమిషాలు దాటితే ఆసుపత్రికి తరలించాలని కళాశాలల్లో బోధించాలి. వ్యాధిని దాని పేరుతో నిస్సంకోచంగా పలకగలిగిన ఇంట్లోనే మాత్ర క్రమం తప్పదు.